ఊసరవెల్లి కీళ్లు వాచాయా? గౌట్ కావచ్చు

కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి అంచు తగిలినా తట్టుకోలేనంత నొప్పి పెట్టే గౌట్ జబ్బు గురించి మనలో చాలామంది వినే ఉంటారు. ఇంట్లో నాన్నగారికో, మామగారికో వచ్చి ఉండవచ్చు కూడా. అయితే ఇదే జబ్బు పక్షులకు, కోళ్లకు, బల్లి జాతి ప్రాణులకు కూడా వస్తుందని తెలిసినవారు తక్కువ. ఇంట్లో ఉన్న ఊసరవెల్లికి గౌట్ వస్తే ఎలా గుర్తించాలి, ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నది ఈ వ్యాసంలో తెలుసుకుందాం. మనుషుల ఆసుపత్రి పత్రికలో ఊసరవెల్లి సంగతి ఎందుకని అనుకోవద్దు. చివరి వరకు చదివితే ఇది మన మూత్రపిండాల సంగతి కూడా అని మీకే అర్థమవుతుంది.

గౌట్ అంటే ఏమిటి?

శరీరం మాంసకృత్తులను వాడుకున్న తరువాత నత్రజనితో కూడిన వ్యర్థ పదార్థం మిగులుతుంది. దానిని బయటికి పంపే పద్ధతి ఒక్కొక్క జీవికి ఒక్కొక్క రకం. మనుషులు, ఆవులు, మేకలు దానిని ఎక్కువగా యూరియాగా మార్చి మూత్రంలో పంపుతాయి. యూరియా నీటిలో కరిగి పోవాలి కనుక ఇందుకు నీరు బాగా ఖర్చవుతుంది. పక్షులు, పాములు, బల్లులు నీటిని పొదుపు చేసుకోవాలి. అందువలన అవి వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లని ముద్దలా విసర్జిస్తాయి. కాకి రెట్టలోనూ, గోడమీది బల్లి రెట్ట చివరనూ కనిపించే తెల్లని పదార్థం అదే.

యూరిక్ ఆమ్లం నీటిలో సులభంగా కరగదు. మూత్రపిండాలు బాగా పనిచేసి, ఒంట్లో నీరు సరిపడా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఈ రెండింటిలో ఏది తగ్గినా రక్తంలో యూరిక్ ఆమ్లం పేరుకుపోయి, సూదుల వంటి స్ఫటికాలుగా మారుతుంది. ఈ స్ఫటికాలు కీళ్లలో చేరితే కీళ్ల గౌట్. గుండె పైపొర మీద, కాలేయం మీద, మూత్రపిండాలలో చేరితే అది లోపలి అవయవాల గౌట్. రెండవది బయటికి కనిపించదు, ప్రాణాంతకం. ఒకే ప్రాణికి రెండూ కలిసి కూడా రావచ్చు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. కోట్ల ఏళ్ల నాటి టైరనోసారస్ అనే రాక్షసబల్లి ఎముకలలో కూడా గౌట్ గుర్తులు ఉన్నాయని 1997లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

ముందుగా చట్టం సంగతి

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని సామెత ఉంది కాని, నిజానికి ఇవి రెండు వేర్వేరు జాతులు. తొండ వేళ్లు సన్నగా, పొడవుగా, విడివిడిగా ఉంటాయి. ఊసరవెల్లి పాదం పటకారులా ఉంటుంది. ఒకవైపు రెండు వేళ్లు, మరొకవైపు మూడు వేళ్లు కలిసిపోయి కొమ్మను పట్టుకుంటాయి. రెండు కళ్లు రెండు దిక్కులకు తిరుగుతాయి. తోక చుట్ట చుట్టుకుంటుంది.

మన తూర్పు కనుమల పొదలలో, తోటలలో తిరిగే దేశవాళీ ఊసరవెల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తోంది. దానిని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం నేరం. కంబాలకొండ వంటి అడవుల అంచున ఉన్న కాలనీలలో పిల్లలు దీనిని పొదలో చూసి, ముచ్చటపడి అట్టపెట్టెలో పెట్టుకుని తెస్తే కోప్పడకండి. ఆరోగ్యంగా ఉంటే ఆ రోజే దొరికిన చోటనే చెట్టు మీద వదిలిపెట్టించండి. దెబ్బ తగిలినా, కీళ్లు వాచినా అటవీ శాఖ సిబ్బందికి అప్పగించండి. అప్పగించినవారికి ఏమవుతుందోనన్న భయంతో దాచిపెట్టి సొంత వైద్యం చేయడం వలన ఆ ప్రాణి చనిపోతుంది, మీకు చిక్కులూ ఎక్కువవుతాయి.

కొందరు యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన వీల్డ్ కెమీలియన్ వంటి విదేశీ ఊసరవెల్లులను పెంచుతున్నారు. 2022లో చట్టానికి చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వీటిని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. నమోదు పత్రం దగ్గర ఉంటే పశువైద్యుని వద్దకు ధైర్యంగా తీసుకువెళ్లవచ్చు.

ఇంట్లో గుర్తించదగిన లక్షణాలు

ఊసరవెల్లి అరవదు, కుంటుతూ వచ్చి మన ఒళ్లో పడుకోదు. అడవిలో బలహీనత బయటపడితే శత్రువు తినేస్తుంది కనుక జబ్బును చివరి వరకు దాచుకుంటుంది. కాబట్టి మనమే గమనించాలి.

1. మణికట్టు, చీలమండ, వేళ్ల కీళ్లు వాచడం. ఒకటికంటే ఎక్కువ కీళ్లలో గట్టి బుడిపెలు కనిపించడం. కొన్నిసార్లు చర్మం కింద తెల్లగా, పసుపుగా సుద్దలాంటి పదార్థం కనిపిస్తుంది.

2. కొమ్మను పట్టుకునే పట్టు సడలడం, ఒక కాలు ఎత్తి ఉంచడం, ఎక్కడానికి వెనుకాడడం, తరచు కింద పడడం.

3. పగటిపూట కూడా కళ్లు మూసుకుని ఉండడం, పంజరం అడుగున పడుకోవడం.

4. మేత మీద ఆసక్తి తగ్గడం, నాలుక చాచి పురుగును పట్టలేకపోవడం.

5. కళ్లు లోపలికి గుంటలు పడడం. ఇది ఒంట్లో నీరు తగ్గిందనడానికి గుర్తు.

6. రెట్టలోని తెల్లని భాగం పసుపుగానో, నారింజ రంగుగానో మారి గట్టిపడడం. అప్పుడప్పుడు కొద్దిగా పసుపు కనిపిస్తే కంగారు వద్దు. వరుసగా అలాగే ఉంటే నీరు చాలడం లేదని, మూత్రపిండాలను పరీక్ష చేయించాలని అర్థం.

7. బరువు తగ్గడం. వంటింట్లో వాడే గ్రాముల త్రాసు మీద వారానికి ఒకసారి తూచి, తేదీ వేసి రాసి ఉంచండి. కంటికి తెలియని తేడా కాగితం మీద తెలుస్తుంది.

వాచినదంతా గౌట్ కాదు

కాలు వాచగానే గౌట్ అని నిర్ణయించకూడదు. కాల్షియం, సూర్యరశ్మి చాలక ఎముకలు మెత్తబడే జబ్బు ఊసరవెల్లులలో సాధారణం. అందులో కాళ్లు వంకరపోతాయి, దవడ మెత్తబడుతుంది. గాయంలో చీము పట్టినా వాపు వస్తుంది. ఇది సాధారణంగా ఒక చోటనే ఉంటుంది. పడిపోయి ఎముక విరిగినా వాస్తుంది. వీటి వైద్యం వేరు. చీము గడ్డకు వాడే కొన్ని యాంటీబయోటిక్ మందులు, ముఖ్యంగా జెంటామైసిన్ వంటివి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. జబ్బు గౌట్ అయి ఉండి ఈ మందు పడితే పరిస్థితి విషమిస్తుంది. పరీక్ష లేకుండా మందు వద్దనడానికి కారణం ఇదే.

ఎందుకు వస్తుంది?

మొదటి కారణం నీరు చాలకపోవడం. ఊసరవెల్లి గిన్నెలోని నీటిని నీరుగా గుర్తించదు. అడవిలో ఆకుల మీద నిలిచిన మంచు బిందువులను, వాన చినుకులను నాలుకతో అందుకుని తాగుతుంది. పంజరంలో గిన్నె నిండా నీరు పోసి, తాగుతున్నదని మనం అనుకుంటాం. అది దాహంతోనే ఉంటుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువే కదా అని కూడా అనుకోకూడదు. రోజంతా ఏసీ నడిచే గదిలో గాలి పొడిగా, చల్లగా ఉంటుంది.

రెండవది చలి. ఊసరవెల్లికి సొంతంగా ఒంటి వేడి పుట్టదు. పరిసరాల వేడి తోనే దాని జీర్ణశక్తి, మూత్రపిండాలు పనిచేస్తాయి. చల్లని గదిలో కడుపునిండా మేత పెడితే వ్యర్థం తయారవుతుంది కాని సరిగా బయటికి పోదు.

మూడవది అతిమేత. ఇది పురుగులు తినే ప్రాణి. బలం వస్తుందని కోడిమాంసం ముక్కలు, గుడ్డు, ఎలుక పిల్లలు పెట్టడం మంచిది కాదు. పెద్దయిన ఊసరవెల్లికి రోజూ పొట్ట పగిలేలా పురుగులు వేయడం కూడా తప్పే.

నాల్గవది మూత్రపిండాల జబ్బు. వయసు వలన, ఇన్‌ఫెక్షన్ వలన, విటమిన్ ఎ లోపం వలన, కొన్ని మందుల వలన మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. చాలాసార్లు ఈ నాలుగు కారణాలలో రెండు మూడు కలిసే ఉంటాయి.

అనుమానం వచ్చిన రోజు ఏమి చేయాలి?

ఉదయం, సాయంత్రం ఆకుల మీద సన్నని తుంపరలుగా నీరు చల్లండి. పంజరంలో ఆకులున్న మొక్క ఉండాలి. మనీ ప్లాంట్ సరిపోతుంది. తాగడం మొదలుపెట్టడానికి కొంత సమయం పడుతుంది కనుక కొన్ని నిమిషాలు ఓపికగా చల్లాలి. పైనుంచి చుక్కచుక్కగా ఆకు మీద నీరు పడేలా ఏర్పాటు చేస్తే ఇంకా మేలు.

పంజరంలో ఒకవైపు వెచ్చగా, మరొకవైపు నీడగా ఉంచండి. ఎటు వెళ్లాలో అదే ఎంచుకుంటుంది. అద్దాల పెట్టెను ఎండలో పెట్టకండి. నిమిషాలలో లోపల ఉడికిపోతుంది.

కొమ్మలను కిందికి దించి కట్టండి. పట్టు సడలినది ఎత్తు నుంచి పడితే ఎముక విరుగుతుంది. అడుగున మెత్తని గుడ్డ పరచండి.

ఒకటి రెండు రోజులు మేత తగ్గించండి. నీరు మాత్రం తగ్గించకండి. బలవంతంగా నోరు తెరచి నీరు పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. వాచిన కీలును నొక్కడం, పిసకడం, సూదితో గుచ్చడం, నూనె రాసి మర్దన చేయడం ఎంతమాత్రం కూడదు.

కీళ్ల ఫోటోలు, రెట్ట ఫోటో, బరువు రాసిన కాగితం, ఏమేమి మేత పెట్టారో ఆ వివరాలు తీసుకుని పశువైద్యుని కలవండి. బల్లి జాతి ప్రాణులను చూసే వైద్యులు తక్కువ కనుక ముందుగా ఫోన్ చేసి అడగండి. మన ప్రాంతానికి దగ్గరగా విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి సలహా కూడా అడగవచ్చు.

వైద్యుడు ఏమి చేస్తారు?

రక్తంలో యూరిక్ ఆమ్లం ఎంత ఉందో చూస్తారు. ఎక్స్‌రే తీస్తారు. అయితే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించవు. ఎముక అరిగిన గుర్తులు మాత్రం తెలుస్తాయి. వాచిన కీలు నుంచి సూదితో కొద్దిగా ద్రవం తీసి మైక్రోస్కోపు కింద చూస్తే సూదుల వంటి స్ఫటికాలు కనిపిస్తాయి. జబ్బును ఖాయం చేసే పరీక్ష ఇదే.

వైద్యంలో మొదటి మెట్టు ఒంట్లోకి ద్రవాలు ఎక్కించడం. తరువాత యూరిక్ ఆమ్లం తయారీని తగ్గించే అలోప్యూరినాల్ అనే మందును బరువునుబట్టి లెక్కకట్టి ఇస్తారు. మూత్రపిండాలకు హాని చేయని నొప్పి మందును వైద్యుడే ఎంచుకుంటారు. తొందరగా గుర్తిస్తే ప్రాణి కొంతకాలం సుఖంగా బతుకుతుంది. కీళ్లు ఒకసారి పాడైతే పూర్వస్థితికి రావడం కష్టం. మేత మాని, కదలలేక, నొప్పితో బాధపడుతున్న దశలో నొప్పి లేకుండా కన్నుమూయించడమే దయ అని వైద్యుడు చెప్పవచ్చు. ఆ మాట వినడం కష్టమే. పిల్లలకు అబద్ధం చెప్పకుండా, జబ్బు నయమయ్యే స్థితి దాటిందని నెమ్మదిగా వివరించండి.

అలోప్యూరినాల్ కథలో మన తెలుగువారికి సంతోషం కలిగించే చిన్న సంగతి ఒకటి ఉంది. ఈ మందును రూపొందించిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. హిచింగ్స్ విద్యార్థిగా పరిశోధన చేసినది హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన శాఖలో. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ రోజులలో అదే శాఖలో పనిచేస్తున్నారు.

ఇంట్లోని నొప్పి మాత్ర ఇవ్వకండి

ఇది ఈ వ్యాసంలో అన్నింటికంటే ముఖ్యమైన మాట. తాతగారి మోకాళ్లకు వాడే డైక్లోఫెనాక్ మాత్ర సగం విరిచి, నీటిలో కలిపి ఊసరవెల్లికి వేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. ఊసరవెల్లి బరువు సుమారు 120 గ్రాములు అనుకుందాం. 60 కిలోల మనిషి దానికి 500 రెట్లు. 50 మి.గ్రా. మాత్రలో సగం దానికి వేయడమంటే, మనిషికి ఒకేసారి 250 మాత్రలు మింగించినట్లు.

ఇది ఊహ కాదు. ఒకప్పుడు మన పల్లెల్లో కళేబరాల మీద గుంపులుగా వాలే రాబందులు దాదాపు మాయమైపోయాయి. కారణం చాలాకాలం తెలియలేదు. చనిపోయిన పక్షులను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లని సుద్దలా యూరిక్ ఆమ్లం పేరుకుని ఉంది. అది లోపలి అవయవాల గౌట్. పశువులకు నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాలలో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసిందని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఈ మందు వాడడాన్ని నిషేధించింది. మనుషులకు వాడే మందు పశువులకు మళ్లించకుండా 2015లో పెద్ద ఇంజక్షన్ సీసాలను కూడా ఆపివేసింది. మనకు మామూలుగా కనిపించే మందు మరొక ప్రాణికి విషం కావచ్చని చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

మరి మన సంగతి?

చాలా జంతువుల శరీరంలో యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. మనుషులకు అది లేదు. అందుకే మేకకు రాని గౌట్ మనకు వస్తుంది. రక్తంలో యూరిక్ ఆమ్లం 6.8 మి.గ్రా. దాటితే స్ఫటికాలు ఏర్పడే అవకాశం మొదలవుతుంది. అయితే ఎక్కువ ఉన్న ప్రతివారికీ గౌట్ రాదు. నొప్పి వచ్చిన రోజున పరీక్షలో మామూలుగా కూడా కనిపించవచ్చు. కాబట్టి ఒక్క కాగితం చూసి ఎవరికివారు నిర్ణయించుకోకూడదు.

ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడి దగ్గర, ఓడరేవులో ఎండలో పనిచేసేవారికి చెమట రూపంలో నీరు బాగా పోతుంది. డ్యూటీలో నీరు తాగకుండా, దిగాక బీరుతో దాహం తీర్చుకుంటే యూరిక్ ఆమ్లం పెరగడానికి రెండు దారులు తెరిచినట్లే. కాలేయం, బోటీ వంటివి, నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు గౌట్ ఉన్నవారు బాగా తగ్గించాలి. పప్పు, పాలకూర మానవలసిన పని లేదు. మజ్జిగ మంచిది. రక్తపోటుకు వాడే కొన్ని నీటి మాత్రలు కూడా యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. వాటిని మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుకు చెప్పండి.

గౌట్ నొప్పి వచ్చిన ప్రతిసారీ మందుల షాపులో నొప్పి మాత్రలు కొని మింగేవారు ఉన్నారు. నొప్పి రెండు రోజులలో తగ్గుతుంది. లోపల యూరిక్ ఆమ్లం అలాగే ఉంటుంది, మూత్రపిండాలు మాత్రం కొద్దికొద్దిగా దెబ్బతింటాయి. మూత్రపిండాలు దెబ్బతింటే యూరిక్ ఆమ్లం మరింత పెరుగుతుంది. మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. తరచు నొప్పి వచ్చేవారు డాక్టరు సలహాతో యూరిక్ ఆమ్లాన్ని 6 కంటే తక్కువకు తెచ్చే మందును క్రమంగా వాడాలి. కీలు వాపుతోపాటు జ్వరం, చలి వస్తే, లేక అలోప్యూరినాల్ మొదలుపెట్టాక ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి.

ప్రశ్నలు – జవాబులు

ఊసరవెల్లి గౌట్ మనకు అంటుతుందా?
అంటదు. ఇది క్రిముల వలన వచ్చే జబ్బు కాదు. అయితే బల్లి జాతి ప్రాణుల రెట్టలో సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు. పట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, వృద్ధులను దూరంగా ఉంచాలి. పంజరాన్ని వంటింటి సింకులో కడగవద్దు.

ఊసరవెల్లి కరిస్తే విషమా?
కాదు. విషం లేదు. భయంతో దానిని కొట్టి చంపవద్దు.

మా పెరటి కోళ్లకు కూడా గౌట్ వస్తుందా?
వస్తుంది. నీరు అందకపోవడం, దాణాలో మాంసకృత్తులు లేక కాల్షియం మితిమీరడం, కొన్ని వైరస్ జబ్బులు కారణాలు. వేసవిలో నీటి తొట్టి ఎండిపోకుండా చూడండి. కోళ్లు వరుసగా చనిపోతుంటే పశువైద్యునికి చూపించండి.

రంగు మారితే జబ్బు చేసినట్లా?
రంగు మారడం దాని సహజ గుణం. వేడి, వెలుతురు, భయం, కోపాలను బట్టి మారుతుంది. రోజుల తరబడి నల్లగానో, పాలిపోయినట్లుగానో ఉండి మేత మానితే మాత్రం అనుమానించాలి.

గుర్తుంచుకోండి

దేశవాళీ ఊసరవెల్లిని పెంచవద్దు. దొరికినది అడవికి లేదా అటవీ శాఖకు చేరాలి.

పెంచుతున్న విదేశీ ఊసరవెల్లికి గిన్నెలో కాక ఆకుల మీద నీరు ఇవ్వండి. వెచ్చదనం ఉంచండి. మితంగా పురుగులు వేయండి.

కీళ్ల వాపు, సడలిన పట్టు, పసుపు రెట్ట, గుంట కళ్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపండి.

మనుషుల నొప్పి మాత్రలు ఏ ప్రాణికీ వేయవద్దు. డాక్టరు రాయకుండా మీరూ వేసుకోవద్దు.